మూతి మీద కొట్టకండి, ముందు దాన్ని పడుకోనివ్వండి

దత్తత తెచ్చుకున్న కుక్క చేతులు కొరుకుతోందని ఎవరైనా అడగడం ఆలస్యం, మన హైదరాబాద్‌లో ప్రతి ఒక్కరూ ట్రైనరే. "మూతి మీద ఒక్కటివ్వండి, ఇంట్లో బాస్ ఎవరో తెలుస్తుంది" అని ఒకరు. "వెల్లకిలా పడేసి అదిమిపట్టండి" అని ఇంకొకరు. వింటుంటే ఒళ్లు మండిపోతుంది.

మూతి మీద దెబ్బ తిన్న కుక్కకి ఎక్కేది ఒక్కటే, మొహం మీదికొచ్చే చెయ్యి మంచిది కాదని. హుషారుగా ఉండేదైతే దాన్ని కుస్తీ అనుకుని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. పిరికిదైతే కొన్నాళ్లకి గుర్రుమనడం కూడా మానేసి నేరుగా కరుస్తుంది. అసలీ బాస్ సిద్ధాంతం కుక్కల్ని చూసి పుట్టిందే కాదు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసింది. ముక్కూ మొహం తెలియని వాటిని ఒక్కచోట కుక్కితే కొట్టుకోక ఏం చేస్తాయి? ఆ మాటను జనంలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్ల మంద అంటే అమ్మా నాన్నా పిల్లలే తప్ప కుర్చీ కోసం కొట్లాట కాదని 1999లో తనే తేల్చి రాశాడు. ఆ కబురు మన గల్లీల దాకా ఇంకా రాలేదు.

చాలా ఇళ్లలో అసలు రోగం నిద్ర చాలకపోవడం. చిన్న కుక్కపిల్లకి రోజుకి 18 నుంచి 20 గంటలు, పెద్ద కుక్కకి 12 నుంచి 14 గంటలు పడక కావాలి. మనమేం చేస్తాం? తెచ్చిన రోజే ఫ్లోర్‌లో ఉన్న పిల్లలందరినీ పిలుస్తాం, మర్నాడు మేనత్తలొస్తారు, ఎవరొచ్చినా లేపి ఎత్తుకుంటారు. సాయంత్రం ఏడయ్యేసరికి దానికి పూనకం వస్తుంది. హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి, అక్కణ్ణుంచి సోఫా మీదికి. అడ్డొచ్చిన చెయ్యల్లా నోట్లోకే. అది పొగరు కాదు, నిద్ర చాలక ఏడుస్తున్న పసిపిల్లలాంటిదే. పిల్ల కుక్కయితే గంట మెలకువ, రెండు గంటలు పడక అన్న లెక్కన నడపండి. జనం నడవని మూల, ఫ్యాన్ గాలి, మూడు వైపులా పాత దుప్పటి కప్పిన క్రేట్ (కుక్క పడుకునే బోను). మొదటి వారం చుట్టాలకి సెలవు చెప్పండి, అలిగితే అలుగుతారు.

ఇక పన్ను పడిన క్షణం సంగతి. చెయ్యి వెనక్కి లాక్కోకండి. లాగితే తోలు చీరుతుంది, పైగా దానికి ఆట మొదలైనట్టే. చేతిని వదులుగా వదిలేసి, కదలకుండా, మాట లేకుండా నిలబడండి. చీర కుచ్చిళ్లు, చున్నీ, లుంగీ అంచు దాని కంటి ఎత్తులోనే ఊగుతుంటాయి, పరుగెత్తితే వెంటపడకుండా ఎలా ఉంటుంది? పట్టు వదలగానే మీరే గది తలుపు అవతలికి వెళ్లిపోండి, 20 నుంచి 30 సెకన్లు చాలు. అరగంట బాత్రూంలో పెడితే ఎందుకు పెట్టారో దానికి గుర్తుండదు. ఇదంతా పన్ను పడిన ఒకటి రెండు సెకన్లలోనే మొదలవ్వాలి. మెడపట్టీ పట్టి ఈడ్చుకెళ్లకండి, ఆ చేతిని కూడా కొరకడం నేర్చుకుంటుంది. దానికి బదులు ఇంట్లో మనిషి ఉన్నంతసేపూ నాలుగైదు అడుగుల తేలికపాటి తాడు తగిలించి ఉంచండి. చివర చేతిపిడి ముడి మాత్రం కోసేయండి, లేకపోతే కుర్చీ కాలికి చిక్కుకుంటుంది.

"కెవ్వుమని అరవండి" అనే సలహా కొన్ని కుక్కపిల్లల మీద పనిచేస్తుంది. ఇంకొన్నిటికి అది కీచుబొమ్మ. అరిచాక ఇంకా రెచ్చిపోతోందంటే మీది రెండో రకం, నోరు మూసుకోవడమే మేలు.

ఇలా మొదలుపెట్టిన మూడో నాలుగో రోజుకి కొరకడం పెరుగుతుంది. సగం మంది ఇక్కడే చేతులెత్తేసి కుక్కని వాపసు ఇచ్చేస్తారు. ఇన్నాళ్లూ పనిచేసిన ఎత్తు పారకపోతే ఎవరైనా ఇంకో రెండుసార్లు గట్టిగా ప్రయత్నిస్తారు కదా? ఇదీ అంతే. ఆ నాలుగు రోజులు ఓపిక పట్టకుండా మధ్యలో ఒక్కసారి ఆటకి లొంగిపోయారో, గట్టిగా కొరికితే పని అవుతుందని మీరే నేర్పినట్టు.

వద్దనడం ఒక్కటే సరిపోదు, నోటికి పని కూడా ఇవ్వాలి. పాత జీన్స్ ప్యాంటు కాలు రెండడుగుల పొడవు కత్తిరించి రెండు ముళ్లు వేయండి, మీ వేళ్లకీ దాని పళ్లకీ మధ్య దూరం ఉంటుంది. 20 సెకన్లు లాగులాట, ఆపి ముక్కు దగ్గర ఉడికించిన చికెన్ ముక్క, "వదులు" అనండి. వదిలితే ముక్క ఇచ్చి మళ్లీ ఆట. ముక్క శనగగింజంత చాలు, ఒక్కో విడతకి ఎనిమిదో పదో, అదీ రోజువారీ తిండిలోంచి తగ్గించి. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర ముక్కలు వద్దే వద్దు. నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా పాలపళ్లు ఊడి 42 పళ్లు వస్తాయి, చిగుళ్లు సలుపుతుంటాయి. తడిపి మెలిపెట్టి ఫ్రీజర్‌లో గట్టిపరిచిన గుడ్డ, చల్లటి క్యారెట్ ఇవ్వండి. బిర్యానీలో మిగిలిన ఎముకలు మాత్రం ప్రేమగా వేయకండి, ఉడికిన ఎముక సూదుల్లా విరుగుతుంది.

చీపురు దగ్గర జరిగే లొల్లి ప్రతి ఇంట్లోదే. పనమ్మ ఊడుస్తుంటే ఎగిరి చీపురు పట్టుకుంటుంది, ఆమె భయంతో ఊపుతుంది, దానికి పండగ. ఆ 20 నిమిషాలూ దాన్ని వేరే గదిలో నమిలే వస్తువుతో ఉంచడం ట్రైనింగ్ చేతకాక కాదు. పనమ్మ పిక్కలు ప్రాక్టీసుకి పెట్టిన బొమ్మలు కావు.

బంతి వంద సార్లు విసిరితే అలిసిపోతుందనుకుంటారు, ఇంకా పిచ్చెక్కుతుంది. 20 నిమిషాలు వాసనలు చూస్తూ నింపాదిగా నడవనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కకముందే తిప్పి తీసుకురండి. మీ అరచెయ్యి రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనలేకపోతే దాని పాదాలూ ఆనవు.

అన్నిటికన్నా కష్టం కుక్క కాదు, ఇంట్లో ఆ ఒక్క మగమనిషి. అందరూ చెప్పింది పాటిస్తుంటే ఆయన ఆఫీసు నుంచి రాగానే చేతులతో మూతి పట్టి కుస్తీ పడతాడు, "నన్నేం చేయదులే" అంటాడు. ఆయన్ని చేయకపోవచ్చు. రేపు లిఫ్టులో పక్క ఫ్లాటు పాపాయి చెయ్యి చాపితే దానికి తేడా ఎలా తెలుస్తుంది బాబాయ్?

ఇదంతా ఆటకొరుకుడికి. ఒళ్లు బిగుసుకుపోయి, కళ్లలో తెల్లగుడ్డు కనబడేలా చూస్తూ, గిన్నె దగ్గర గుర్రుమంటే లేదా ఒకే చోట ముట్టుకుంటే కరుస్తుంటే ఈ చిట్కాలు పక్కనపెట్టి డాక్టరుకి చూపించండి. వానాకాలంలో చెవిలో చీము పట్టినా అలాగే చేస్తుంది. ఆట అయినా సరే తోలు చిట్లితే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో దగ్గర్లో ఉన్న ఆసుపత్రికో వెళ్లండి. కుక్కకి రేబిస్ టీకా వేయించిన కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి. పసుపు, కారం, సున్నం డబ్బాలు వంటింట్లోనే ఉండనివ్వండి.