జనవరి ఒకటిన పుట్టిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పుట్టిన తేదీ జనవరి 1. ఆమె చెల్లెలిదీ జనవరి 1. చంద్రగిరి పక్కన మా ఊళ్ళో అరవై దాటినవాళ్ళంతా ఆ రోజే పుట్టారు. పాపం ఆ మంత్రసాని! ఆధార్ తీసిన కుర్రాడు పెద్దమ్మ నెరిసిన జుట్టు చూసి సంవత్సరం కూడా తనే వేసేశాడు. ఆ లెక్కన ఇప్పుడామెకు 76.

ఇంత శాస్త్రీయంగా పుట్టిన అంకెతోనే మొన్న తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ఆమె వైద్యం తేలిపోయింది. రొమ్ములో గడ్డ, బయాప్సీలో క్యాన్సర్. డాక్టరుగారు ఆ రిపోర్టు పక్కన పెట్టి ఆధార్ జిరాక్సు శ్రద్ధగా చదివారు. "డెబ్బై ఆరా? ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు బాబూ, మాత్రలు రాస్తాను." బాబు అంటే మా అన్న. బాబు అల్లుడి వైపు చూశాడు. అల్లుడు మేనమామకు ఫోను కలిపాడు. మేనమామ స్పీకర్లో "ఇంకెన్నాళ్ళులేరా" అని తీర్పు చెప్పాడు. పెద్దమ్మ ఒళ్ళో టిఫిన్ క్యారియరు పెట్టుకుని స్టూలు మీద కూర్చునుంది. గడ్డ ఎవరిదో గదిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

పోయిన పెరటాసి నెలలో అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కిన మనిషి ఈమె. మోకాళ్ళ పర్వతం దగ్గర కూలబడి సోడా అడిగింది మా అన్న.

పెద్దవాళ్ళకు వైద్యం తగ్గించడమే తప్పని కాదు. చిన్న గడ్డ, హార్మోనుతో పెరిగే రకం క్యాన్సర్ ఉండి, 70 నిండిన 636 మంది మీద అమెరికాలో పరీక్ష చేశారు. గడ్డ తీసి, ఆ హార్మోనును అడ్డుకునే టమాక్సిఫెన్ మాత్రలిచ్చి, కొందరికి రేడియేషన్ ఇవ్వలేదు. పదేళ్ళకు రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టడం వాళ్ళలో కొంత ఎక్కువే అయినా, బతికున్నవాళ్ళ లెక్కలో తేడా రాలేదు. అది కొలిచి తగ్గించడం. మా వీధి టైలరు కూడా టేపు పట్టందే జాకెట్టు కుట్టడు.

క్యాన్సర్ వచ్చిన పెద్దవాళ్ళ సత్తువ కొలవడానికి జీ8 అని ఎనిమిది ప్రశ్నలున్నాయి. ఆకలెట్లా ఉంది, బరువు తగ్గావా, బయట తిరుగుతావా, రోజుకు మూడు రకాలకు మించి మందులు మింగుతావా, ఇట్లాంటివి. మొత్తం 17 మార్కులు. వయసుకు రెండే! 80 లోపువాళ్ళకు ఆ రెండూ ఇచ్చేస్తారు. 14 దాటితే మనిషి గట్టిగానే ఉన్నట్టు, దాటకపోతే ఇంకా వివరంగా పరీక్షించాలి. ఇదంతా ఐదు నిమిషాల పని.

ఆ ఐదు నిమిషాలు దొరకలేదు. బరువు చూడలేదు, లేచి నడవమనలేదు. గుండె ఎట్లుందో అడగలేదు. "నీకేం కావాలమ్మా" అన్నవాడు ఒక్కడు లేడు. జాలి పేరుతో మనిషిని బతికుండగానే లెక్కలోంచి కొట్టేస్తారా? సిగ్గులేదూ? ఆ రోజు తలుపు దగ్గర నోరు మూసుకుని నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను.

వేరే చోట ఒక డాక్టరమ్మ, మమ్మల్ని బయట కూర్చోమని, ఆమెనే అడిగింది. గోడ అవతలికి వినిపించేలా చెప్పింది మా పెద్దమ్మ:

"తీసేయ్ తల్లీ. పెరటాసికి కొండెక్కల్ల నేను. ఈసారి మావోణ్ణి మాత్రం పిల్చుకోని పోను."