పాత కంప్యూటరే కదా అంటే కుదరదు

కర్నూలు పాతబస్తీలో పన్ను లెక్కలు చూసే ఒక చిన్న కార్యాలయంలో దొంగలు పడిన సంగతి నగర వ్యాపారులకు తెలిసిందే. షట్టర్ వంచి లోపలికి దూరారు. రెండు కంప్యూటర్లు, ఒక ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయారు. పోతూ పోతూ సీసీ కెమెరాల దృశ్యాలు నమోదయ్యే డీవీఆర్‌ పెట్టెను కూడా తీగలతో సహా పెరికి పట్టుకుపోయారు. దొంగతనం కన్నా ఆ తర్వాత జరిగిన తంతే మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వబోయిన యజమానికి ఎదురైన మొదటి ప్రశ్న: ‘పాత కంప్యూటర్లే కదా, నాలుగు వేలు చేస్తాయా?’ చివరకు ఎఫ్ఐఆర్ లేదు. వస్తువులు పోగొట్టుకున్నట్టు రాయించుకున్న అర్జీపై ముద్ర వేసి పంపించారు.

అసలు మోసం ఆ నాలుగు వేల లెక్కలోనే ఉంది. పాత ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, చోరీ సొత్తు విలువ రూ.5,000 లోపు ఉండి, తొలిసారి పట్టుబడినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపోతుంది. అది నాన్ కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేనిది. కడుపు కోసం చిన్న తప్పు చేసినవాడిపై జాలితో పెట్టిన వెసులుబాటును కేసు కట్టకుండా తప్పించుకోవడానికి వాడుకుంటారా? పైగా అది ఇక్కడ వర్తించదు. సొత్తు భద్రపరిచే భవనంలో చోరీకి 305వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు శిక్ష ఉంది. రాత్రివేళ పగలగొట్టి చొరబడి దొంగతనానికి దిగితే 331వ సెక్షన్ కింద 14 ఏళ్ల వరకు పడవచ్చు. వస్తువు పాతదా కొత్తదా అని ఆ సెక్షన్లు అడగవు. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాల్సిందేనని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది.

ఇక పోయినదేమిటో చూడండి. కిరాణా కొట్ల నుంచి మందుల షాపుల దాకా ఎందరివో జీఎస్టీ రిటర్నులు, పాన్, ఆధార్ ప్రతులు, బ్యాంకు ఖాతాల వివరాలు. సొరుగులో రబ్బరు బ్యాండు చుట్టి ఉంచిన, ఆన్‌లైన్‌లో సంతకం పెట్టడానికి వాడే పెన్ డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్లు. కొన్నింటి మీద పిన్ నంబరు కూడా రాసి అంటించి ఉంది. టోకెన్, పిన్ రెండూ చేతికి చిక్కినవాడు ఆ వ్యాపారి పేరుతో సంతకం పెట్టగలడు. దీని ఖరీదు నాలుగు వేలా?

లెక్కలు అడిగేటప్పుడు మాత్రం సర్కారుకు డేటా విలువ బాగా తెలుసు. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు రికార్డులు దాచాలంటుంది జీఎస్టీ చట్టం. కంప్యూటర్ లెక్కలకు నకలు ఉండాలంటాయి నిబంధనలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకి వస్తే, తగిన భద్రత పాటించని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. వ్యాపారి కాపాడలేకపోతే కోట్ల విలువైన డేటా, దొంగ ఎత్తుకుపోతే పాత ఇనుము! ఇదెక్కడి న్యాయం?

సిబ్బంది తక్కువ, బందోబస్తు డ్యూటీలు ఎక్కువ అన్న మాటలో నిజముంది. కానీ అర్జీ రాయించుకోవడానికి దొరికిన సమయం ఎఫ్ఐఆర్ రాయడానికి దొరకలేదా? ఆ ప్రతి లేకపోతే బీమా సంస్థ క్లెయిము ముట్టుకోదు. రికార్డులు ఏవని పన్ను అధికారి అడిగితే చూపడానికి కాగితం ఉండదు. ఈ కేసును ఇలాగే వదిలేస్తే రేపు ఆదోని పత్తి వ్యాపారికీ, ఎల్లుండి ఎమ్మిగనూరు జిరాక్స్ సెంటర్ యజమానికీ ఇదే నాలుగు వేల లెక్క చెబుతారు.

వ్యాపారులూ కళ్లు తెరవాలి. 2009 అక్టోబరు వరదలో మునిగిన నగరం ఇది. అయినా ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా నకలు అదే కంప్యూటర్ పక్కన హార్డ్ డిస్కులో పెడుతున్నారు. నకలు వేరే చోట ఉండాలి. పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయాలి. డీవీఆర్ కంటపడని చోట ఉండాలి. పోయిన ఫోనును దాని ఐఎంఈఐ గుర్తింపు నంబరుతో ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో నిలిపివేయవచ్చు. ల్యాప్‌టాప్‌కు ఆ వీలు లేదు కనుక సీరియల్ నంబరు బిల్లుతో పాటు ఇంట్లో ఉంచుకోవాలి. టోకెన్లు పోతే ఆ రోజే రద్దు చేయించాలి.

స్టేషన్‌లో కాదంటే ఎస్పీకి రాతపూర్వకంగా పంపే హక్కు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇచ్చింది. బాధితుడు అక్కడిదాకా తిరగాల్సిన పని లేకుండా ఎస్పీయే కలుగజేసుకోవాలి. ఈ రోజే ఎఫ్ఐఆర్ కట్టించి, ప్రతిని ఉచితంగా అతని చేతిలో పెట్టాలి. నాలుగు వేలని విలువ కట్టిన అధికారి ఏ సెక్షన్ చదివి అలా కట్టారో సంజాయిషీ రాయించుకోవాలి.