తప్పు చెప్పరు, రుజువు మాత్రం తెమ్మంటారు

పొద్దున్నే షట్టర్ ఎత్తి ఫోన్ చూసుకుంటే గూగుల్ మ్యాపులో మన దుకాణం లేదు. రాత్రి పడుకునే దాకా ఉంది. పేరు కొట్టి వెతికితే పక్కవాళ్ల దుకాణం వస్తోంది. ఏళ్ల తరబడి పోగైన రివ్యూలు, ఫొటోలు, ఫోన్ నంబరు అన్నీ మాయం. ఈమెయిల్ తెరిస్తే రెండు ముక్కలు: మీ ప్రొఫైల్ మా విధానాలకు అనుగుణంగా లేనందున సస్పెండ్ చేశాం; అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకోండి. కారణం అడిగితే చాలాసార్లు ‘మోసపూరిత కంటెంట్, ప్రవర్తన’ లాంటి గంపగుత్త మాట ఒకటి దొరుకుతుంది. మోసం పేరులో ఉందా, చిరునామాలో ఉందా, ఫొటోలో ఉందా? చెప్పరు. లింకు నొక్కితే నిబంధనల చిట్టా తెరుచుకుంటుంది, తప్పేదో మీరే వెతుక్కోండి అన్నట్టు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటే మ్యాపులో దుకాణం వివరాలు చూపే పేజీ. 2021 నవంబరు దాకా గూగుల్ మై బిజినెస్ అన్న పేరుతో ఉన్న ఇది ఇప్పుడు చిన్న వ్యాపారానికి బోర్డు కంటే పెద్ద బోర్డు. దాన్ని పీకేసిన రోజు నుంచి ఫోన్లు మోగవు. అందుకే ఈ సస్పెన్షన్లను సాంకేతిక సమస్యగా చూసి వదిలేయడానికి మేము సిద్ధంగా లేము.

నకిలీల బెడద నిజమేనని ఒప్పుకుంటాం. లేని దుకాణాలు, దొంగ చిరునామాలు, పేరు నిండా కుక్కిన ప్రచార పదాలు మ్యాపుల్లో బోలెడు. ఒక్క 2023లోనే కోటీ 20 లక్షలకు పైగా నకిలీ ప్రొఫైళ్లను తొలగించామని, అడ్డుకున్నామని గూగుల్ చెప్పుకుంది. మంచిదే. అన్ని లక్షల మధ్య ఏరివేసేది యంత్రమైనప్పుడు గింజ కూడా పొట్టుతోపాటు పోతుందని వేరే చెప్పక్కర్లేదు. అలా పోయిన గింజ గోడు వినే తీరు మీదే మా కోపం.

ఆ తీరు ఎలా ఉందో దగ్గరగా చూడండి. అప్పీలు పంపాక రుజువులు జతచేసే ఫారం ఒకటి వస్తుంది. అది తెరిచిన క్షణం నుంచి 60 నిమిషాలు. ఆ గంటలో రిజిస్ట్రేషన్ పత్రం, లైసెన్సు, పన్ను సర్టిఫికెట్, కరెంటు బిల్లు లాంటివి ఎక్కించాలి. వాటి మీది పేరు, చిరునామా ప్రొఫైల్‌లో ఉన్నవాటితో సరిపోలాలి. అద్దె షాపులో కరెంటు బిల్లు ఎవరి పేరున ఉంటుందో అందరికీ తెలుసు. లైసెన్సు మీద పేరు ఒకలా, బోర్డు మీద ఇంకోలా ఉన్నవాళ్లు కోకొల్లలు. గడువు సంగతి తెలియక ఫారం ముందు తెరిచి, తర్వాత బీరువాలో కాగితాల కోసం వెతికే మనిషి టెన్షన్ ఊహించుకోండి. ఫొటో మసకగా వస్తుంది, మళ్లీ తీస్తాడు. ఫైలు ఎక్కదు, మళ్లీ నొక్కుతాడు. మూలన నిమిషాలు కరిగిపోతుంటాయి. (కాగితాలన్నీ ముందే స్కాన్ చేసి పెట్టుకున్నాకే ఆ ఫారం జోలికి వెళ్లండి. కంగారుపడి ఇంకో కొత్త ప్రొఫైల్ మాత్రం తెరవకండి, అది ఉన్న కేసును ఇంకా పాడుచేస్తుంది.)

ఇంత గట్టిగా రుజువు అడిగేవాళ్లు తమ రుజువు ఎప్పుడు చూపిస్తారు? వ్యాపారి తాను నిజమని నిరూపించుకోవాలి. అతను అబద్ధమని యంత్రానికి ఎందుకు అనిపించిందో మాత్రం ఎవరూ నిరూపించక్కర్లేదు. వ్యాపారికి గంట గడువు. తీర్పు చెప్పేవారికి అలాంటి గడియారం లేదు. ఆరోపణ చేసిందీ వాళ్లే, శిక్ష వేసిందీ వాళ్లే, అప్పీలు వినేదీ వాళ్లే. కొట్టి మొగసాల కెక్కడమంటే ఇదే.

తప్పు తెలియనివాడు అప్పీలులో ఏం రాస్తాడు? చిరునామా మార్చినందుకా, పేరులో ఓ పదం చేర్చినందుకా, కేటగిరీ సవరించినందుకా అని అన్నింటికీ సంజాయిషీ రాస్తాడు. నిజంగా ఓ చిన్న పొరపాటు చేసినవాడు కూడా అదేంటో తెలిస్తే ఐదు నిమిషాల్లో దిద్దుకునేవాడు. చెప్పకపోవడం వల్ల దొంగలు జాగ్రత్తపడకుండా ఉంటారని ఓ వాదన ఉంది. ఆరితేరిన దొంగలు పది ప్రొఫైళ్లు పోతే పదకొండోది తెరుస్తారు. ఇరుక్కునేది ఒక్క ప్రొఫైల్ మీదే బతికేవాళ్లు. వాళ్ల అయోమయమే పెట్టుబడిగా ‘మీ లిస్టింగ్ తెప్పించే పూచీ మాది’ అని డబ్బు గుంజే మధ్యవర్తులు పుట్టుకొచ్చారు. పక్కా కారణం చెబితే వీళ్ల దుకాణం సగం మూతపడేది.

ఇంకో సంగతి. ఓ ఖాతా మీద వేటు పడితే ఆ ఖాతా చేతిలో ఉన్న ప్రొఫైళ్లన్నీ పడిపోవచ్చు. చేసిన పొరపాటు ఒకచోట, ఫోన్లు ఆగేది నాలుగుచోట్ల.

కారణం చెప్పడం కుదరని పనేమీ కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2020 జులై 12 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, వ్యాపారం మీద ఆంక్ష పెట్టే ఆన్‌లైన్ వేదిక అందుకు దారితీసిన నిర్దిష్ట అంశాలేమిటో రాతపూర్వకంగా చెప్పాలి. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమలైన డిజిటల్ సర్వీసెస్ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ఫిర్యాదు మీద నిర్ణయం కేవలం యంత్రానికే వదిలేయకూడదని, అర్హులైన మనుషుల పర్యవేక్షణ ఉండాలని చెప్పింది. అక్కడితో ఒప్పుకోనివాళ్లు కోర్టు బయట వివాదాలు తేల్చే సంస్థల దగ్గరికి వెళ్లే దారీ పెట్టింది. 2023 ఏప్రిల్‌లో ఆ చట్టం కింది అతిపెద్ద వేదికల జాబితాలోకి గూగుల్ మ్యాప్స్ కూడా ఎక్కింది. మెడ మీద చట్టం ఉన్నచోట చేయక తప్పని పని, లేనిచోట మర్యాదగా చేస్తే ఏం పోయింది? రుజువు కావాలన్నది నిజంగా సూత్రమే అయితే సరిహద్దు దాటగానే అది ఎందుకు ఒకవైపు మాత్రమే వర్తిస్తోంది?

అప్పీలు గెలిచినవాళ్ల పరిస్థితి కూడా అంతంతే. ‘మీ ప్రొఫైల్ పునరుద్ధరించాం’ అని ఓ ముక్క వస్తుంది. పొరపాటు ఎవరిదో అందులో ఉండదు, క్షమాపణ అసలే ఉండదు. రేపు మళ్లీ ఇదే జరగదని ఏ నమ్మకంతో షట్టర్ ఎత్తాలి? కోటీ 20 లక్షల లెక్కను అంత ఘనంగా ప్రకటించినవాళ్లు, పొరపాటున తీసేసి మళ్లీ పెట్టిన నిజమైన వ్యాపారాల లెక్కనూ అంతే గట్టిగా చెప్పాలి. ఊరందరి దగ్గరా కాగితాలు అడిగే అధికారం తీసుకున్నాక సొంత కాగితం దాచుకోవడం సిగ్గుచేటు. ఇంకా పెద్ద సంస్కరణలేవో తర్వాత చూద్దాం. ముందు ఆ ఈమెయిల్‌లో మూడో ముక్క రాయండి: తప్పు ఎక్కడో.