గాయం లేని చోట బందోబస్తు

రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు క్యాన్సర్‌తో కుమ్మక్కయ్యాయని పరిశోధకులు చాలాకాలంగా గోల పెడుతున్నారు. నాకైతే వాటి తప్పేమీ కనబడదు. పాపం, రూల్ ప్రకారం నడుచుకునే జీవులు.

టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ మామూలుగా రక్తనాళం గోడకు అవతల ఉంటుంది. రక్తానికి అది తగిలిందంటే ఎక్కడో తెగినట్టే లెక్క. ఈ కిటుకు పట్టేసిన కణితి కణాలు చాలావరకు దాన్ని ఒంటికి పూసుకు కూర్చుంటాయి. రక్తంలోని ఫ్యాక్టర్ 7 అనే గడ్డకట్టించే ప్రోటీన్ పరుగెత్తుకొస్తుంది, త్రాంబిన్ అనే ఎంజైము పుడుతుంది, గడ్డకు పోగుల్లాంటి ఫైబ్రిన్ వల అల్లుకుంటుంది. "ఇంతకీ గాయమెక్కడ?" అని అడగమని ఏ రూల్లోనూ రాసి లేదు. కణితి అంటే మానని గాయం అని 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అనే అమెరికన్ పాథాలజిస్టు అన్నాడు. గాయం మానకపోతే పనివాళ్లు మాత్రం రావడం ఎందుకు మానాలి?

ఆ కణితిలోంచి ఒక కణం రక్తంలోకి జారిందనుకోండి. ఒంటరిగా దొరికితే, ఒంటికి కాపలా కాసే నేచురల్ కిల్లర్ కణాలు అక్కడికక్కడే మట్టుబెడతాయి. ఈలోపే ప్లేట్‌లెట్లు దాన్ని చుట్టుముట్టి, ఫైబ్రిన్ దుప్పటి కప్పి, తమ మీదున్న 'మనవాళ్లే' అనే గుర్తులు కూడా దానికి అంటించేస్తాయి. కిల్లర్ కణం వచ్చి తడిమి చూస్తుంది, గుర్తులు సరిగ్గానే ఉన్నాయి, పక్కకు తప్పుకుంటుంది. దొంగను ఊరు దాటించడానికి ఇంత పకడ్బందీ బందోబస్తు ఇంకెక్కడా చూడలేదు.

వీళ్లందరిలో నాకు ముచ్చటేసేది పాయ్-1 (PAI-1) అనే ప్రోటీన్. రక్తం గడ్డను కరిగించే ఎంజైములకు అడ్డుపడటం దాని ఉద్యోగం. అందులో యూపీఏ అనే ఎంజైమే కణితికి చుట్టుపక్కల కండను తొలుచుకుపోయే గునపం. అంటే పాయ్-1 ఎంత ఎక్కువుంటే కణితికి అంత ఇబ్బంది కావాలి. తీరా రొమ్ము క్యాన్సర్‌లో చూస్తే, అది ఎక్కువున్న వాళ్లకే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ! గునపం లాక్కోవడానికి వెళ్లిన మనిషి, కణితి కణాలు చావకుండా కాపాడుతూ, వాటికి కొత్త రక్తనాళాలు పడేలా చూస్తూ అక్కడే కాపురం పెట్టాడు. కంచే చేను మేసిందంటారు గానీ, నన్నడిగితే కంచె చేనును అల్లుడిలా చూసుకుంటోంది.

ఈ చుట్టరికం కొత్తదేం కాదు. సిరల్లో ఊరికే గడ్డలు కడుతుంటే లోపల క్యాన్సర్ ఉందేమో చూడమని ట్రూసో అనే ఫ్రెంచి వైద్యుడు 1865లోనే చెప్పాడు. తర్వాత తన ఒంట్లోనే అలాంటి గడ్డ కనిపిస్తే సంగతి గ్రహించాడు. 1867లో కడుపు క్యాన్సర్‌తోనే పోయాడు.

మరి రక్తం పలచబడే మందులిచ్చి ఈ ప్రోటీన్లన్నింటినీ సస్పెండ్ చేస్తే? చేశారు. హెపారిన్ అనే అలాంటి మందుతో రక్తం గడ్డలు తగ్గాయి, అది మంచిదే. ఆయుష్షు మాత్రం ట్రయల్స్‌లో నికరంగా పెరగలేదు. పైగా సస్పెన్షన్ కాలంలో నిజంగానే ఎక్కడైనా తెగితే రక్తం ఓ పట్టాన ఆగదు.

పాయ్-1కి మాత్రం కొత్త పోస్టు దొరికింది. రొమ్ము క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకని కొందరిలో, కణితి ముక్కలో అదీ యూపీఏ ఎంత ఉన్నాయో కొలుస్తారు. రెండూ తక్కువుంటే కీమో లేకుండా సరిపెట్టొచ్చేమో ఆలోచిస్తారు. ముద్దాయినే సాక్షిగా పిలిచారన్నమాట. అదీ ఏమీ మాట్లాడక్కర్లేదు, అక్కడ ఎంత ఉందో తెలిస్తే చాలు.