గురు మెడిటేషన్ వచ్చిందని మల్టీటాస్కింగ్‌ని తిట్టకండి

కమోడోర్ వాళ్ల పాత కంప్యూటర్ అమీగా మాటెత్తితే చాలు, "మల్టీటాస్కింగ్ (ఒకేసారి చాలా ప్రోగ్రాంలు నడపడం) ఉందని గొప్పలే గానీ, ఊరికే క్రాష్ అయ్యేదిగా" అని ఎకసెక్కాలు. క్రాష్ అయితే తెరమీద ఎర్ర పెట్టెలో పడే సందేశమే గురు మెడిటేషన్. అవి రెండూ వేరు వేరు సంగతులు బాబూ! సీపీయూ టైమును పంచడం ఒకటి, ఒక ప్రోగ్రాం మెమరీలో ఇంకోటి వేలు పెట్టకుండా ఆపడం ఇంకొకటి.

1985 అమీగాలో మొదటిది నిఖార్సుగా ఉంది. ప్రోగ్రాం ఒప్పుకున్నా లేకున్నా, అమీగా ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ లాంటి ఎక్సెక్ దాన్ని పక్కకు నెట్టి ఇంకోదాన్ని నడిపేది. మ్యాక్‌లో ఒకేసారి చాలా ప్రోగ్రాంలు నడిపే మల్టీఫైండర్ 1987లో వచ్చాక కూడా, నడుస్తున్న ప్రోగ్రాం తనంతట తాను దారి ఇస్తేనే పక్కదానికి వంతు.

రెండోది మాత్రం అమీగాలో సున్నా. దాని ప్రాసెసర్ 68000లో మెమరీకి కాపలా కాసే ఎంఎంయూ లేదు. "తర్వాతి ప్రాసెసర్ 68030లో వచ్చిందిగా, అప్పుడు పెట్టొచ్చుగా?" అంటారు. చిక్కంతా అక్కడే. ఎక్సెక్‌లో ఒక టాస్క్ (నడుస్తున్న ప్రోగ్రాం) నుంచి ఇంకోదానికి సందేశం పంపే పుట్‌మెసేజ్ డేటాని కాపీ చెయ్యదు, పాయింటర్‌ని, అంటే డేటా ఉన్న అడ్రస్‌ని, అవతలి టాస్క్ సందేశాలు అందుకునే పోర్ట్ లిస్టుకి తగిలిస్తుంది, అంతే. అవతలి టాస్క్ నేరుగా పంపినదాని మెమరీలోనే చదువుతుంది, రాస్తుంది. 256 కేబీ ర్యామ్, 7 మెగాహెర్ట్జ్‌తో అంత చురుగ్గా నడిచిందంటే ఈ పొదుపు వల్ల కూడా. మధ్యలో గోడ కట్టారా, పాత సాఫ్ట్‌వేర్ పాయింటర్లన్నీ చచ్చుబడతాయి. పంచుకునే మెమరీని మెమ్‌ఎఫ్ పబ్లిక్ అనే గుర్తు పెట్టి అడగాలన్న నియమం ఉంది, కానీ అడక్కపోయినా పని జరిగిపోయేది. ఇంకెవరు పాటిస్తారు?

పైగా ఖాళీ మెమరీ లెక్క ఖాళీ మెమరీలోనే రాసి ఉంటుంది. ప్రతి ఖాళీ ముక్క మొదట్లో 8 బైట్లు: 4 బైట్లు తర్వాతి ముక్క అడ్రస్, 4 బైట్లు సైజు. ఏదో ప్రోగ్రాం తన బఫర్ దాటి వాటిమీద రాస్తే ఆ క్షణాన ఏమీ కాదు. కాసేపటికి ఏ పాపం ఎరగని ఇంకో ప్రోగ్రాం తన మెమరీ వదిలెయ్యడానికి ఫ్రీమెమ్ పిలుస్తుంది. లిస్టు చెడిందని ఎక్సెక్ కనిపెడుతుంది. ఎర్ర పెట్టెలో 81000005! తిట్లన్నీ ఆ అమాయకపు ప్రోగ్రాంకే.

ఆ నంబరు పడితే అంతకుముందు నడిచినవాటిని అనుమానించాలి. తప్పులు పట్టే టూల్ ఎన్‌ఫోర్సర్ దీన్ని పట్టదు, ముట్టుకోకూడని అడ్రస్‌లని ముట్టుకుంటేనే అరుస్తుంది. కావాల్సింది మంగ్‌వాల్ అనే ఇంకో టూల్. ఇచ్చిన ప్రతి ముక్కకీ అటూఇటూ గుర్తు బైట్లు పెట్టి, వదిలేటప్పుడు అవి చెక్కుచెదరకుండా ఉన్నాయా అని చూస్తుంది.

ఇక విండోస్ 95ని చూపించి "ప్రొటెక్షన్ అంటే అదీ" అనేవాళ్లకి ఒక్క మాట. అందులో 2 జీబీ నుంచి 3 జీబీ దాకా ఉన్న అడ్రస్‌లు ప్రోగ్రాంలన్నిటికీ ఉమ్మడివే. 16 బిట్ ప్రోగ్రాం ఒకటి విన్16 మ్యూటెక్స్ (ఒకసారి ఒక్కదానికే దక్కే తాళం) పట్టుకుని బిగుసుకుపోతే, 32 బిట్ ప్రోగ్రాంలు కూడా తెరమీద గీత గియ్యలేక నిలబడిపోయేవి.