పేదరికం లెక్కలో బోరు అప్పు ఏది?

నీతి ఆయోగ్ 2023లో ఇచ్చిన బహుముఖ పేదరిక సూచీ ప్రకారం బిహార్‌లో నూటికి దాదాపు 34 మంది పేదలు. కేరళలో నూటికి ఒక్కరు కూడా లేరు. 2015-16లో 11.77 శాతం ఉన్న ఆంధ్రప్రదేశ్ 2019-21 నాటికి 6.06కి దిగింది. దేశ సగటు 14.96. దీన్ని తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు. గ్యాస్, కరెంటు, మరుగుదొడ్డి నిజంగానే ఊరూరా చేరాయి.

నా పేచీ ఆ సూచీ అడగని ప్రశ్నతో. అది ఆదాయాన్ని కాక ఆరోగ్యం, చదువు, ఇంటి వసతుల్లాంటి 12 అంశాలను చూస్తుంది. బ్యాంకు ఖాతా ఉందా అని అడుగుతుంది, అప్పెంత అని అడగదు. ఇంట్లో ఫోనూ బైకూ ఉంటే ఆస్తుల విషయంలో ఆ ఇల్లు గట్టెక్కినట్టే. బైకు ఫైనాన్స్‌లో ఉందా, ఇంకా ఎన్ని కంతులు కట్టాలి అన్నది దానికి పట్టదు.

చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు వెళితే ఈ లోటు తెలుస్తుంది. రామకుప్పం, వి.కోట, బైరెడ్డిపల్లె వైపు ఏడాది పొడవునా పారే నది లేదు. సేద్యమంతా బోర్ల మీదే. వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేచిన బోర్లు ఎన్నో. నీళ్లు పడినా పడకపోయినా రిగ్గుకు అడుగుల లెక్కన డబ్బు కట్టాల్సిందే. పడితే మోటారు, కేబులు, పైపులు మళ్లీ వేరే ఖర్చు. ఒకటి ఎండితే పక్కనే ఇంకొకటి. ఆ డబ్బు బయట వడ్డీకి తెచ్చిందే, కొన్నిసార్లు ఇంట్లో ఆడవాళ్ల నగలు కుదువ పెట్టి తెచ్చింది. టమోటాకు ధర పలికితే సరి, లేకుంటే కుప్పంలో పొద్దున్నే బెంగళూరు రైలెక్కి కూలికి పోవాలి. ఆ ఇంట్లోనూ టీవీ ఉంటుంది, ఖాతా ఉంటుంది. సూచీ లెక్కన వాళ్లు పేదలు కారు.

తూర్పున కథ వేరు. చెన్నై దగ్గర కాబట్టి శ్రీసిటీ పారిశ్రామికవాడ వచ్చింది, తిరుపతి పక్కన కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది, కొండకొచ్చే జనం మీద నగరం బతుకుతోంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీసినప్పుడు ఇవన్నీ తిరుపతి వాటాకు పోయాయి. సూచీకి ఆధారమైన 2019-21 సర్వే మాత్రం ఉమ్మడి జిల్లాదే. శ్రీసిటీనీ రామకుప్పాన్నీ కలిపి తీసిన సగటు ఎవరికి పనికొస్తుంది? మండలం వారీగా లెక్క తీయనిదే నిధులు ఎటు పోవాలో తెలియదు.

జిల్లాలో తోటలున్న రైతు కాస్త నయం అనుకుంటాం. 2025 సీజన్‌లో తోతాపురి మామిడి లోడుతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి, కాయ బండి మీదే మెత్తబడింది. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలంది: ఫ్యాక్టరీ 8, తాను 4. ఫ్యాక్టరీలు ఆ 8 కూడా ఇవ్వలేదని రైతులు రోడ్డెక్కారు. ఒక్క సీజన్ దెబ్బకు కిందికి జారే ఇంటిని పేద కాదనడం నాకు మింగుడుపడదు.

అదే ఏడాది ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ నీళ్లు కుప్పం చేరాయి. పెద్ద మేలే. చెరువులు నిండితే కొత్త బోర్ల అవసరం తగ్గొచ్చు. ఎండిన బోర్ల మీద తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఇంకా నడుస్తోంది, దాన్ని ఏ సర్వే ఫారంలోనైనా ఒక గడిలో చేర్చమనే నేనడిగేది.