తొమ్మిదికి అర తక్కువ

ఒక సినిమాకి పాటలు చేరిస్తే దాని విలువ ఎంత పెరుగుతుంది? తెలుగువాళ్ళం తొంభై ఏళ్ళకు పైగా చేరుస్తూనే ఉన్నాం గానీ ఈ లెక్క ఎవరమూ తేల్చలేదు. అమెరికావాళ్ళు 1982లో తేల్చేశారు. సరిగ్గా అర.

పాతికేళ్ళు పద్దులు చూసినవాణ్ణి కాబట్టి కాగితాలు తిరగేశాను. ఇటలీ దర్శకుడు ఫెలీనీ 1963లో తీసిన సినిమా పేరు 'ఎనిమిదిన్నర'. అప్పటికి ఆయన సొంతంగా తీసిన పెద్ద సినిమాలు ఆరు. పొట్టివి రెండు, ఒక్కోటీ అర. ఇంకొకరితో కలిసి తీసింది ఒకటి, అదీ అరే. వెరసి ఏడున్నర. కొత్తది కలిస్తే ఎనిమిదిన్నర. ఇంత నిక్కచ్చి మనిషి మన కరణాల్లో కూడా పుట్టలేదు. ఆ సినిమాని న్యూయార్క్‌లో పెద్ద నాటకాలాడే బ్రాడ్వే మీద పాటల నాటకం (వాళ్ళ మాటలో మ్యూజికల్) చేసినప్పుడు సంగీతకర్త మోరీ యెస్టన్ దానికి 'నైన్' అని పేరు పెట్టాడు. సంగీతం కలిపాం కాబట్టి ఇంకో అర చేరిందని ఆయన వివరణ. ఆ ఏడు ఉత్తమ మ్యూజికల్‌గా, అక్కడ నాటకాలకిచ్చే పెద్ద బహుమతి టోనీ అవార్డు కూడా ఇచ్చేశారు, అంటే ఆడిట్ అయిపోయినట్టే. నా అభ్యంతరం ఒక్కటే. 2009లో ఆ నాటకాన్ని మళ్ళీ సినిమాగా తీస్తే పేరు తొమ్మిదే ఉంచారు. నాటకాన్ని తెరకెక్కించడానికి పైసా విలువ లేదా?

ఈ అర కోసం వాళ్ళు పడే తిప్పలు చూస్తే జాలేస్తుంది. పరాయి భాష సినిమా వెతకాలి, హక్కులు కొనాలి, ఏళ్ళ తరబడి ట్యూన్లు కట్టుకుంటూ కూర్చోవాలి. మనం 'ది ఇన్‌టచబుల్స్' అనే ఫ్రెంచి సినిమా కొంటే, అది 'ఊపిరి' అయ్యేసరికి పాటలు వచ్చి పడ్డాయి. దాన్ని మ్యూజికల్ అని ఎవరైనా అన్నారా?

ఫెలీనీ అంటే బ్రాడ్వేకి మొదటినుంచీ ఒక బలహీనత. రోములో ఒళ్ళమ్ముకుని బతికే కబీరియా అనే అమ్మాయి మీద ఆయన తీసిన సినిమాని 1966లో 'స్వీట్ ఛారిటీ' చేశారు. అమ్మాయిని న్యూయార్క్ తెచ్చి, డబ్బులిచ్చినవాళ్ళతో డాన్సు చేసే ఉద్యోగం ఇప్పించారు. సినిమా మొదట్లో ప్రియుడు కబీరియా హ్యాండ్‌బ్యాగ్ లాక్కుని ఆమెని నదిలోకి తోసేస్తాడు. నాటకంలో చెరువులోకి. స్టేజీ మీద చెరువెక్కడిది? సాధారణంగా వేదిక ముందు వాద్యగాళ్ళు కూర్చునే గోతిలోకే తోస్తారు. హీరోయిన్ వెళ్ళి వయొలిన్లవాళ్ళ నెత్తిన పడ్డాక పాటలు మొదలవక ఏం చేస్తాయి!

ధైర్యం పెరిగి 1969 డిసెంబరులో ఆయన ఇంకో సినిమా 'లా స్త్రాదా'ని కూడా స్టేజీ ఎక్కించారు. మొదటి ఆటకే డబ్బా వెనక్కొచ్చేసింది. మన భాషలో అతిశయోక్తిగా అనే మాట, అక్కడ అక్షరాలా నిజం. ఒక్కటే ప్రదర్శన.

అర కలిపేవాళ్ళున్న చోట తీసేసేవాళ్ళూ ఉంటారు. 1938 నాటి ఫ్రెంచి సినిమా నుంచి 'ద బేకర్స్ వైఫ్' తయారు చేశారు, 1976లో. అందులో 'మెడోలార్క్' అని ఒక సుదీర్ఘమైన పాట. నిర్మాత డేవిడ్ మెరిక్‌కి అది గిట్టలేదు. తీసేయండంటే ఎవరూ వినలేదు. ఒకరోజు ఆయనే గోతిలోకి దిగి, వాద్యగాళ్ళ స్టాండ్ల మీదున్న ఆ పాట స్వరాల కాగితాలన్నీ ఏరుకుని పట్టుకుపోయాడని రంగస్థలం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన దగ్గర ఎడిటింగ్ రూములో చడీచప్పుడు లేకుండా జరిగిపోయే పనికి పాపం పెద్దమనిషి స్వయంగా మెట్లు దిగాల్సివచ్చింది. ఆ నాటకం అప్పట్లో బ్రాడ్వే దాకా రానే లేదు.

'అమేలీ' అనే ఫ్రెంచి సినిమా దర్శకుడికైతే అసలు మ్యూజికల్స్ అంటేనే పడదు. గుండె జబ్బు పిల్లల వైద్యానికి డబ్బు వస్తుందని హక్కులిచ్చాడు. 2017లో బ్రాడ్వే మీద రెండు నెలలు కూడా ఆడలేదు. పుణ్యం మాత్రం దక్కింది.

ఇక 'ద బ్యాండ్స్ విజిట్' ఫైలు చిక్కుది. 2007 నాటి ఇజ్రాయెల్ సినిమా. ఈజిప్టు పోలీసు బ్యాండు దారితప్పి ఓ మారుమూల ఊళ్ళో తేలుతుంది. వీళ్ళ భాష వాళ్ళకి రాదు, అందుకని అందరూ వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. ఇంగ్లీషు ఎక్కువైంది కాబట్టి ఇది విదేశీ భాషా చిత్రం కాదు పొమ్మంది ఆస్కార్. తర్వాత అదే కథని దాదాపు మొత్తం ఇంగ్లీషులోకి మార్చి పాడితే 2018లో 10 టోనీలు వచ్చాయి. తప్పు ఎక్కువ చేస్తే ఒప్పవుతుందని మా ఆఫీసులో కూడా ఒకాయన అనేవాడు.

నా పెన్ను ఆగిపోయింది మాత్రం మనవాళ్ళ దగ్గరే. 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' వాళ్ళకి పరాయి భాషా చిత్రమే కదా. 2022లో శాన్ డియాగోలో 'కమ్ ఫాల్ ఇన్ లవ్' పేరుతో స్టేజీ ఎక్కింది, 2025లో మాంచెస్టర్‌లో కూడా. దర్శకుడు ఆదిత్య చోప్రాయే. ఇక్కడ కలపడానికి ఏముంది? పాటలు ముందే ఉన్నాయి, దేశమంతా నోటికొచ్చినవి. అందుకని ఇంగ్లీషులో కొత్తవి కట్టారు. పాతవి తీస్తే అర పోయింది, కొత్తవి వేస్తే అర వచ్చింది, నికరం సున్నా. అంతటితో పద్దు మూసేద్దామంటే హీరో పేరు కూడా మారింది. రాజ్ పోయి రోజర్ వచ్చాడు, తెల్లబ్బాయి. సిమ్రన్ మాత్రం సిమ్రనే. జనం గోల పెడితే చోప్రా గారు జవాబిచ్చారు: అసలు మొదట్లో ఈ కథ అమెరికా కుర్రాడికీ భారతీయ అమ్మాయికీ మధ్యే అనుకున్నాననీ, మనసులో ఉన్నది టామ్ క్రూజ్ అనీ.

టామ్ క్రూజ్‌కి ఎంత వేసుకోవాలో యెస్టన్ గారి లెక్కలో లేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.